మూడు, రెండు, ఒకటి: ట్రామోర్ తీరంలో నాన్నగారితో ఒక వేసవి

గత వేసవిలో నాన్నగారు మా ఇంటికి వచ్చి రెండు నెలలు ఉన్నారు. మేము ఉండేది ఐర్లండ్ ఆగ్నేయ తీరంలోని వాటర్‌ఫర్డ్ నగరంలో. అక్కడి నుంచి దక్షిణంగా సుమారు 13 కిలోమీటర్లు వెళితే ట్రామోర్ అనే చిన్న సముద్రతీర పట్టణం వస్తుంది. జనాభా 11 వేల పైచిలుకు. ఐరిష్ భాషలో ఆ ఊరి పేరు 'ట్రా వోర్'. పెద్ద ఇసుకతీరం అని దాని అర్థం. ఆయన వచ్చిన మొదటి ఆదివారమే అక్కడికి తీసుకువెళ్ళి, ప్రొమెనేడ్ అనే తీరపు నడకదారి మీద ఒక బెంచీ చూపించి కూర్చోమని, టీ తేవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆయన చూపు అలల మీద లేదు. అఖాతానికి రెండు వైపులా సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండకొమ్ముల మీద ఉంది. "అమ్మా, పడమటి కొమ్ము మీద మూడు స్తంభాలున్నాయి, తూర్పు కొమ్ము మీద రెండే ఉన్నాయి. కట్టినవాళ్ళు ఊరికే అలా కట్టి ఉండరు కదా?" అని అడిగారు. ఆరేళ్ళుగా ఆ తీరానికి వస్తూపోతూ ఉన్న నేను ఆ స్తంభాలను ఎన్నోసార్లు చూశాను గానీ ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఆ ప్రశ్నను పట్టుకుని ఆ రెండు నెలల్లో మేమిద్దరం తిరిగిన చోట్ల గురించి, ఇటువైపు రావాలనుకునేవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, కాస్త వివరంగా రాస్తున్నాను.

పడమటి కొమ్మును న్యూటౌన్ హెడ్ అంటారు. అక్కడి మూడు తెల్లని స్తంభాల్లో నడిమిదాని మీద ఒక లోహపు నావికుడు నిలబడి ఉంటాడు. నీలం కోటు, తెల్ల లాగు, నాలుగు మీటర్లకు మించిన ఎత్తు, సముద్రం వైపు చాచిన చెయ్యి. ఊళ్ళో అందరూ అతన్ని 'మెటల్ మ్యాన్' అనే పిలుస్తారు. ఓడల బీమాకు పేరుపొందిన లండన్ సంస్థ లాయిడ్స్ ధనసాయంతో 1823లో ఈ స్తంభాలు కట్టారు. ఎందుకు కట్టారో తెలియాలంటే ముందు ఈ తీరం ఆకారాన్ని మనసులో గీసుకోవాలి. అసలైన రేవు, అంటే వాటర్‌ఫర్డ్ నగరానికి దారితీసే లోతైన నదీముఖం, ట్రామోర్‌కు తూర్పున ఉంది. అయితే గాలివానలోనో పొగమంచులోనో తీరం చేరాలని తొందరపడే తెరచాప ఓడకు ట్రామోర్ అఖాతం కూడా అచ్చం అలాంటి రేవులాగే కనిపించేది. రెండు వైపులా కొండలు, మధ్యలో విశాలమైన నీళ్ళు కనబడగానే ఆశపడి లోపలికి వస్తే అడుగున లోతు ఉండదు, ఎదురుగా ఇసుకమేట తప్ప ఆశ్రయం ఉండదు, నైరుతి గాలి వెనక నుంచి తోస్తూ ఉంటే తిరిగి బయటపడే దారీ ఉండదు. అందుకే తీరానికి అంకెలు వేశారు. తూర్పున హుక్ హెడ్ మీద ఒక్కటే బురుజు, మధ్యలో బ్రౌన్స్‌టౌన్ హెడ్ మీద రెండు స్తంభాలు, పడమర న్యూటౌన్ హెడ్ మీద మూడు. ఒకటికీ రెంటికీ మధ్య లోపలికి రావచ్చు. రెంటికీ మూటికీ మధ్యకు మాత్రం రాకూడదు. చదువు రాని నావికుడికైనా అర్థమయ్యే లెక్క అది.

ఆ లెక్క రాయించింది ఒక ఘోర ప్రమాదం. నెపోలియన్ యుద్ధాలు ముగిసిన తరువాత 1816 జనవరిలో, బ్రిటిష్ సైన్యపు 59వ పదాతి దళానికి చెందిన సైనికులను, వారి భార్యాబిడ్డలను ఎక్కించుకుని 'సీ హార్స్', అంటే సముద్రపు గుర్రం, అనే రవాణా ఓడ ఇంగ్లండులోని రామ్స్‌గేట్ నుంచి ఐర్లండులోని కార్క్ రేవుకు బయలుదేరింది. దారిలో పెనుతుఫాను పట్టుకుంది. ఈ తీరం బాగా తెలిసిన మేట్, అంటే కెప్టెన్ తరువాతి అధికారి, తెరచాప కొయ్య మీద నుంచి పడి చనిపోయాడు. వాటర్‌ఫర్డ్ రేవులోకైనా చేరుకుందామని ప్రయత్నించిన ఓడ బ్రౌన్స్‌టౌన్ కొమ్మును దాటలేక, గాలి తోసుకువెళ్ళగా ట్రామోర్ అఖాతంలో చిక్కుకుంది. లంగర్లు వేశారు, అవి నిలవలేదు. జనవరి 30న తీరంలో జనం చూస్తుండగానే ఓడ ఇసుకకు కొట్టుకుని విరిగిపోయింది. 363 మంది చనిపోయారు. బతికి బయటపడినవారు 30 మంది మాత్రమే. యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగి వచ్చినవాళ్ళు, గమ్యం చేరడానికి కొద్ది ప్రయాణమే మిగిలి ఉండగా, ఒడ్డు కళ్ళెదుట కనబడుతుండగా మునిగిపోయారన్న మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు పిండినట్టు అవుతుంది.

అందువల్ల ట్రామోర్‌లో మొదట చూడవలసినది ఏదని ఎవరైనా అడిగితే నేను డొనరేల్ వాక్ పేరే చెబుతాను. ఊరికి పై భాగంలో, కొండ అంచు వెంట సాగే కాలిబాట అది. పెద్దగా ఎత్తుపల్లాలు లేవు కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు కూడా నింపాదిగా నడిచారు. అక్కడ సీ హార్స్ మృతుల జ్ఞాపకార్థం నిలిపిన రాతి స్తంభం ఉంది. మృతుల్లో కొందరిని ఖననం చేసిన చోట, చర్చ్ రోడ్డులోని ప్రొటెస్టెంట్ చర్చి ఆవరణలో, మరొక స్మారకం ఉంది. డొనరేల్ వాక్ మీద నుంచి కిందికి చూస్తే 5 కిలోమీటర్ల ఇసుకతీరం మొత్తం, రెండు కొమ్ములతో సహా, ఒకేసారి కనిపిస్తుంది. ఓడ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎటు తిరగలేకపోయిందో, ఎక్కడ ఆగిపోయిందో ఆ ఎత్తు నుంచి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. మేము వెళ్ళిన రోజు అలలు తెల్లని గీతలు గీసినట్టు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా వస్తున్నాయి, కింద పిల్లలు సర్ఫింగ్ నేర్చుకుంటున్నారు. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు.

మెటల్ మ్యాన్ దగ్గరికి వెళ్ళి చూడాలని చాలామందికి కోరిక ఉంటుంది. పెళ్ళికాని అమ్మాయి చెప్పుల్లేకుండా ఒంటికాలి మీద గెంతుతూ ఆ స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగితే ఏడాది లోపల పెళ్ళవుతుందని ఇక్కడ ఒక నమ్మకం. తుఫాను రాత్రుల్లో ఆ నావికుడు 'దూరంగా పొండి' అని ఓడలకు కేకలు పెడతాడని మరొక కథ. కానీ ఆ స్తంభాలున్నది ప్రైవేటు భూమి; అక్కడికి ప్రజలకు ప్రవేశం లేదు. కంచెలు దాటి వెళ్ళే ప్రయత్నం దయచేసి చేయవద్దు, కొండ అంచు ప్రమాదకరం. దాని బదులు న్యూటౌన్ కోవ్ దాకా వెళ్ళండి. అక్కడి నుంచి తలెత్తి చూస్తే చాలు.

న్యూటౌన్ కోవ్, దాని పక్కనే ఉన్న గిల్లామీన్ కోవ్, రెండూ రాళ్ళ మధ్య లోతైన నీళ్ళున్న ఈత స్థలాలు. గిల్లామీన్ ఒకప్పుడు మగవాళ్ళకు మాత్రమే. స్త్రీలు, పిల్లలు పక్క కోవ్‌కు వెళ్ళేవారు. ఆ కాలం పోయింది, కానీ 'పురుషులకు మాత్రమే' అన్న పాత బోర్డును గుర్తుగా అలాగే ఉంచారు. దాని కింద నుంచే ఇప్పుడు అందరూ మెట్లు దిగి నీళ్ళలోకి వెళతారు. నేను ఇక్కడ ఈత మొదలుపెట్టింది నాలుగేళ్ళ కిందట, ఒక సెప్టెంబరులో. ఈ దేశంలో సముద్రం వెచ్చబడడానికి వేసవంతా పడుతుంది కాబట్టి ఆగస్టు, సెప్టెంబరులే ఈతకు మంచి నెలలు. అప్పుడు కూడా నీళ్ళు 15, 16 డిగ్రీలకు మించవు. మెట్ల చివర ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడితే, ఒక అల వచ్చి మోకాలి దాకా తడిపి వెనక్కి పోతుంది. కమ్మీ మీద ఉప్పు గరుకుగా చేతికి తగులుతుంది. పక్కనున్న పెద్దావిడ ఎవరో "ఆలోచించకండి, దిగేయండి" అంటుంది. దిగిన మొదటి క్షణంలో ఊపిరి బిగుసుకుపోతుంది. రెండు నిమిషాలు నిదానంగా ఊపిరి తీసుకుంటూ కదిలితే ఒళ్ళు సర్దుకుంటుంది. కొత్తవాళ్ళు ఒంటరిగా దిగకూడదు, అలలు ఎక్కువగా ఉన్న రోజు అసలు దిగకూడదు. నాన్నగారు నీళ్ళలోకి రాలేదు. నా తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, పైన గట్టు మీద కూర్చుని, నేను బయటికి వచ్చేవరకు నా తల మీద నుంచి చూపు తిప్పలేదు.

ఇక పెద్ద ఇసుకతీరం సంగతి. జనం సాధారణంగా ప్రొమెనేడ్ దగ్గరి అర కిలోమీటరులోనే ఉండిపోతారు. అమ్యూజ్‌మెంట్ పార్కు, ఐస్‌క్రీం, చిప్స్ దుకాణాలు, సర్ఫింగ్ పాఠాలు, అన్నీ అక్కడే ఉన్నాయి. పిల్లలతో వచ్చినవారికి అది చాలు. వేసవిలో అక్కడే లైఫ్‌గార్డులు ఉంటారు, ఎరుపు పసుపు జెండాల మధ్యనే నీళ్ళలోకి దిగాలి. కానీ ఈ తీరం గొప్పతనం ఆ చివర ఉంది. ఆటు సమయం చూసుకుని తూర్పుగా నడుస్తూ పోతే జనం పలచబడతారు, తరువాత చప్పుడు పలచబడుతుంది, ఎడమ పక్కన ఇసుక దిబ్బలు ఎత్తుగా లేస్తాయి. వాటి మీద మొలిచే గట్టి గడ్డి వేళ్ళే ఆ ఇసుకను పట్టి ఉంచుతున్నాయి కాబట్టి దిబ్బలెక్కి తొక్కకుండా బాట మీదనే నడవడం మంచిది. దిబ్బల వెనక బ్యాక్ స్ట్రాండ్ అనే ఉప్పునీటి మడుగు ఉంది. పోటుకు నిండుతుంది, ఆటుకు బురద నేలగా బయటపడుతుంది. 19వ శతాబ్దంలో దాన్ని గట్టు కట్టి ఎండగట్టి, వచ్చిన నేల మీద గుర్రప్పందేల మైదానం వేశారు. 20వ శతాబ్దం మొదట్లో సముద్రం గట్టు తెంపి ఆ నేలను తిరిగి తీసేసుకుంది. పందేలు ఊరి పైనున్న గుట్ట మీదికి మారాయి, ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి. ఆగస్టులో నాలుగు రోజుల పందేల పండుగ సమయంలో ఊళ్ళో గది దొరకడం కష్టం.

చలికాలంలో ఆ బురద నేల మీదికి కెనడా ఉత్తరాన ఉన్న ఆర్కిటిక్ ప్రాంతం నుంచి బ్రెంట్ బాతులు వస్తాయి. నల్లని తల, మెడ మీద సన్నని తెల్లని మచ్చ. సముద్రపు గడ్డి మేస్తూ తమలో తాము మెల్లగా గొణుక్కుంటున్నట్టు ఉంటుంది వాటి ధ్వని. అక్టోబరు తరువాత వచ్చేవారు బైనాక్యులర్లు తెచ్చుకుంటే వాటికోసమే ఒక పూట గడపవచ్చు.

నేనూ నాన్నగారూ మూడు విడతల్లో, మధ్యమధ్య ఆగుతూ, దిబ్బల కొసదాకా వెళ్ళాం. అక్కడ రిన్నషార్క్ అనే పాయ ఉంది. బ్యాక్ స్ట్రాండ్ నీళ్ళన్నీ ఆ ఇరుకు పాయలో నుంచే సముద్రంలోకి పోతాయి, తిరిగి వస్తాయి. ఆటు మొదలైన గంటకు మేము అక్కడ నిలబడ్డాం. పైకి చూస్తే నీరు నున్నగా ఉంది. నాన్నగారు ఒక ఎండిన పుల్లను విసిరారు. అది మనిషి పరుగెత్తే వేగంతో బయటికి కొట్టుకుపోయింది. ఆ పాయలో ఈత ఎందుకు నిషిద్ధమో ఆ పుల్ల చెప్పినంత బాగా ఏ బోర్డూ చెప్పలేదు. పాయకు అవతల, పొలాల చివర, బ్రౌన్స్‌టౌన్ హెడ్ మీది రెండు స్తంభాలు అక్కడి నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. వాటి మీద ఏ బొమ్మా లేదు, ఏ రంగూ లేదు, అందుకే కాబోలు వాటి కోసమని ఎవరూ రారు. ఆ ఓడ దాటలేకపోయిన కొమ్ము మాత్రం అదే.

ఊళ్ళోకి తిరిగి వస్తే, ఈ పట్టణం విహారస్థలంగా ఎదిగిన కథ కూడా ఆసక్తికరమే. 18వ శతాబ్దం చివర వాటర్‌ఫర్డ్ వ్యాపారులు సముద్రస్నానాల కోసం ఇక్కడ ఇళ్ళు, హోటలు కట్టడం మొదలుపెట్టారు. 1853లో వాటర్‌ఫర్డ్ నుంచి రైలు వచ్చింది. దేశంలోని మరే రైలు మార్గంతోనూ కలవకుండా, కేవలం నగరానికీ సముద్రానికీ మధ్య తిరిగిన రైలు అది. 1960 డిసెంబరు 31న చివరి బండి నడిచింది, తరువాత పట్టాలు పీకేశారు. ఇప్పుడు కారు లేనివారికి 360 నంబరు బస్సే దిక్కు. నగరం నుంచి అరగంటలో దింపుతుంది. తినడానికి మాత్రం ఒక్క మాట చెప్పి ముగిస్తాను: ఈ జిల్లాకే ప్రత్యేకమైన 'బ్లా' అనే మెత్తని, పిండి చల్లిన బన్నును పొద్దుటే వేడిగా, వెన్న రాసుకుని తినండి. 2013లో దానికి ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. మధ్యాహ్నానికి అది చల్లారిపోయి మామూలు బన్ను అయిపోతుంది.

సముద్రం నుంచి ఒక పూట విశ్రాంతి కావాలనుకున్నవారు లాఫ్‌కాడియో హెర్న్ జపనీస్ ఉద్యానానికి వెళ్ళాలి. ఐర్లండులో ఒక చిన్న ఊళ్ళో జపాన్ తోట ఏమిటని మొదట నాకూ అనిపించింది. హెర్న్ 1850లో గ్రీకు ద్వీపమైన లెఫ్కాడాలో పుట్టాడు. తల్లి గ్రీకు, తండ్రి ఐరిష్ సైనిక వైద్యుడు. తల్లిదండ్రులిద్దరికీ దూరమై, డబ్లిన్‌లో తండ్రి తరఫు వృద్ధ బంధువు దగ్గర పెరిగాడు. వేసవుల్లో ఆమె అతన్ని ట్రామోర్ తీసుకువచ్చేది. పదహారేళ్ళప్పుడు ఒక కన్ను పోయింది. అమెరికాకు వెళ్ళి విలేకరిగా బతికి, 1890లో జపాన్ చేరి, అక్కడే పెళ్ళి చేసుకుని, కొయిజుమి యాకుమో అనే పేరుతో ఆ దేశ పౌరుడై, అక్కడి దయ్యాల కథలను ఇంగ్లీషులో తిరగరాసి, 1904లో కన్నుమూశాడు. ఈరోజుకీ జపాన్ పాఠకులకు అతను సొంతవాడే. 2015లో తెరిచిన ఈ తోట అతని జీవితాన్ని వరుసగా చెబుతుంది. విక్టోరియా కాలపు తోటతో మొదలై, అమెరికాను, గ్రీసును గుర్తుచేసే భాగాలు దాటి, జపనీస్ నీటి తోటలోకి దింపుతుంది. వాలు నేల కావడంతో ప్రతి మలుపు దగ్గరా కింది భాగం కొద్దికొద్దిగా మాత్రమే కనిపిస్తుంది. నన్ను ఆపేసినది ఒకే ఒక్క చోటు: చెట్ల సందులో నుంచి ట్రామోర్ అఖాతం నీలంగా కనబడిన చోటు. ఏ ఇంట్లోనూ కుదురుగా ఉండనివ్వని బాల్యం గడిపిన పిల్లవాడు చూసిన సముద్రమే అది. నాన్నగారు అతని కథంతా విని, "ఇల్లు దొరకడానికి అంత దూరం పోవలసి వచ్చిందన్నమాట" అన్నారు.

ట్రామోర్‌కు పడమటి తీరం రాగి తీరం. కాపర్ కోస్ట్ అని పేరు. యునెస్కో గ్లోబల్ జియోపార్కు, అంటే రాళ్ళలోని భూమి చరిత్ర కోసం గుర్తింపు పొందిన ప్రాంతం. కిల్‌ఫరసీ నుంచి స్ట్రాడ్‌బల్లీ దాకా సుమారు 17 కిలోమీటర్లు. రోడ్డు సముద్రాన్ని ఒరుసుకుంటూ ఎక్కుతుంది, దిగుతుంది, పల్లెల్లో నుంచి పోతుంది. కారులో అరగంటలో దాటేయవచ్చు; అలా దాటినవారు ఏమీ చూడనట్టే లెక్క. మేము దీనికి రెండు పూర్తి రోజులు కేటాయించాం, ఇంకొక రోజు ఉంటే బాగుండేదనిపించింది.

మొదట ఫెనర్ అనే ఊళ్ళో ఒక చిత్తడి నేల ఉంది, దాని మీద చెక్క వంతెన బాట వేశారు. తూనీగలు చూడాలంటే ఎండ ఉన్న మధ్యాహ్నం వెళ్ళాలి. డన్‌హిల్ దగ్గర గుట్ట మీద పవర్ వంశీకుల కోట శిథిలం ఉంది. డన్‌హిల్ నుంచి ఆన్స్‌టౌన్ వైపు ఆన్ వ్యాలీ వాక్ అనే బాట వాగు వెంట, రెల్లు పొదల మధ్య నుంచి, కోట కింది నుంచి పోతుంది. చక్రాల కుర్చీలూ పిల్లల బండ్లూ పోగలిగేంత చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళతో వచ్చేవారికి ఇంతకన్నా మంచి నడక ఈ చుట్టుపక్కల లేదు.

అసలు రాగి కథ బన్మహన్ దగ్గర మొదలవుతుంది. ఈ కొండలు సుమారు 46 కోట్ల ఏళ్ళ కిందట సముద్రగర్భంలోని అగ్నిపర్వతాలు కక్కిన రాయి. ఆ వేడికి రాతి పగుళ్ళలో తిరిగిన నీరు రాగిని కరిగించి తెచ్చి, చల్లబడుతూ పగుళ్ళలోనే వదిలిపెట్టింది. 1820లలో మైనింగ్ కంపెనీ ఆఫ్ ఐర్లండ్ ఇక్కడ గనులు చేపట్టింది. ముడి ఖనిజాన్ని ఓడల మీద వేల్స్‌లోని స్వాన్సీకి పంపి అక్కడ కరిగించేవారు. ఉచ్ఛదశలో వెయ్యిమందికి పైగా పనిచేశారు. 1870ల చివరికి గనులు మూతపడ్డాయి, కుటుంబాలకు కుటుంబాలే అమెరికాకు తరలిపోయాయి. చాలామంది మోంటానాలోని బ్యూట్ రాగి గనులకు చేరారు. చేతిలో ఉన్న పని ఆ ఒక్కటే కాబట్టి, భూగోళం అవతలికి పోయి కూడా అదే పని చేశారు.

ట్యాంకర్డ్స్‌టౌన్ దగ్గర రోడ్డు పక్కనే ఆ గనుల ఇంజను ఇళ్ళు నిలిచి ఉన్నాయి. పైకప్పు లేని ఎత్తైన రాతి గోడలు, పక్కన పొగగొట్టం. గనిలో ఊరే నీటిని ఆవిరి యంత్రం రాత్రింబవళ్ళు తోడిపోసేది. ఖాళీ కిటికీలో నుంచి ఇప్పుడు సముద్రం మాత్రమే కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల కొండ ముఖాన్ని జాగ్రత్తగా చూడండి. బూడిద రంగు రాయి మీద ఒకచోట ఎవరో పచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు నీలం, ఆకుపచ్చ కలిసిన చార ఒకటి కిందికి జారి ఉంటుంది. వాన పడ్డప్పుడల్లా రాతిలోని రాగి కొద్దికొద్దిగా కరిగి, గాలి తగిలి ఆ రంగు తేలుతుంది. బాట మీద దొరికిన అంగుళం రాతిముక్క అంచున అదే రంగు ఉంది. నాన్నగారు ఉద్యోగకాలమంతా రాగి తీగలతో పనిచేసిన మనిషి. ఆ ముక్కను బొటనవేలితో రుద్ది, ఎండకు అటూ ఇటూ తిప్పి, కళ్ళద్దాలు తీసి దగ్గరగా చూసి, తీసిన చోటే జాగ్రత్తగా పెట్టేశారు. జియోపార్కులో రాళ్ళు ఏరుకుపోకూడదు.

బన్మహన్‌లో పాత చర్చిని జియోపార్కు సమాచార కేంద్రంగా మార్చారు. ముందు అక్కడికి వెళ్ళి, తరువాత కొండల దగ్గరికి వెళ్ళడం నా సలహా; చూసింది అర్థమవుతుంది. బన్మహన్ తీరం చూడడానికి ఎంతో అందంగా ఉంటుంది గానీ అక్కడి ప్రవాహాలు మంచి ఈతగాళ్ళను కూడా లోపలికి లాగేస్తాయి. జెండాలు లేని రోజు పాదాలు తడుపుకోవడంతో ఆగాలి.

వాటర్‌ఫర్డ్ నగరం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. వైకింగులు 914లో నెలకొల్పిన ఊరు, రెజినాల్డ్ బురుజు, 1783 నాటి స్ఫటిక గాజు పరిశ్రమ, అన్నీ ఒక రోజులో కాలినడకన చూడవచ్చు. గాజు కార్ఖానాలో ఎర్రగా కాగిన ముద్దను ఊది ఆకారం ఇచ్చే పనిని దగ్గర నుంచి చూపిస్తారు. ఆ గాజు మీద ఉండే ముద్ర కూడా సముద్రపు గుర్రమే అని నాన్నగారే నాకు చూపించారు.

ఇక లెక్కలో మిగిలింది ఒకటి. దానికోసం చివరి వారంలో బయలుదేరాం. ముందు ట్రామోర్‌కు తూర్పున ఉన్న డన్‌మోర్ ఈస్ట్ అనే చేపల రేవులో ఆగాం. అక్కడి ప్రత్యేకత కిట్టివేక్ పక్షులు. ఇవి సాధారణంగా జనసంచారం లేని కొండచరియల్లో గూళ్ళు కడతాయి; ఇక్కడ మాత్రం ఊరి మధ్యన, రేవు రోడ్డుకు ఎదురుగా, అరచేయంత రాతి అంచుల మీద వందల గూళ్ళు కట్టాయి. తమ పేరే తాము పిలుచుకుంటున్నట్టు వాటి అరుపు. వసంతం నుంచి ఆగస్టు దాకానే ఉంటాయి, తరువాత నడిసముద్రం మీదికి పోతాయి. మేము వెళ్ళేసరికి ఆలస్యపు పిల్లలు కొన్ని మాత్రమే మిగిలి, రెక్కలు విప్పి అంచు మీదే ఆడిస్తున్నాయి.

అక్కడి నుంచి ప్యాసేజ్ ఈస్ట్ వెళ్ళి, కారును ఫెర్రీ ఎక్కించి, నదీముఖాన్ని పది నిమిషాల్లో దాటి అవతల వెక్స్‌ఫర్డ్ జిల్లాలోకి దిగాం. అక్కడి నుంచి రోడ్డు సన్నని భూభాగం మీద దక్షిణంగా పోయి, భూమి అయిపోయిన చోట హుక్ దీపస్తంభం దగ్గర ఆగుతుంది. 13వ శతాబ్దం మొదట్లో విలియం మార్షల్ అనే ప్రభువు తన పట్టణానికి వచ్చే ఓడల కోసం కట్టించిన బురుజు ఇది. అంతకుముందు అక్కడి సన్యాసులే నిప్పు రాజేసి ఓడలకు దారి చూపేవారని చెబుతారు. ఎనిమిది శతాబ్దాల తరువాత కూడా పనిచేస్తున్న దీపం. 1996లో యంత్రాలకు అప్పగించేవరకు మనుషులే దానికి కాపలా. లోపలికి గైడుతో మాత్రమే వెళ్ళనిస్తారు. మెట్లు 115, గోడలో తొలిచిన సందులో మెలికలు తిరుగుతూ పోతాయి. కింది గదుల రాతి కప్పులు ఆనాటివే; గోడల మందం నాలుగు మీటర్ల దాకా ఉంటుంది, అందుకే బయట గాలి హోరు లోపలికి వచ్చేసరికి మూలుగులా మిగులుతుంది.

నాన్నగారి మోకాళ్ళ గురించి నేను భయపడ్డాను. ప్రతి గదిలోనూ గైడు ఆగి కథ చెబుతుంది కాబట్టి ఊపిరి తీసుకోవడానికి వ్యవధి దొరికింది, పై వరకూ ఎక్కారు. పైన బాల్కనీలో గాలి మనిషిని గోడకు అదిమేస్తోంది. ఒక చేత్తో కమ్మీ గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో బైనాక్యులర్లు కళ్ళకు ఆనించుకుని, నదీముఖం మీదుగా పడమటి వైపు చాలాసేపు వెతికారు. ఆ గాలిలో మాట వినబడదని తెలిసి, బైనాక్యులర్లు నాకు అందించి, నా ముఖం ముందు రెండు వేళ్ళు చూపించారు.